నీ పిడికెడు ఏది బిడ్డా?

బియ్యం కడగబోయే ముందు మా నాయనమ్మ ఒక పని చేసేది. చేటలో చెరిగి, రాళ్లు ఏరి, గిన్నెలో పోసిన బియ్యంలోంచి కుడిచేత్తో ఒక పిడికెడు తీసేది. పొయ్యి పక్కన గోడలో గూడు ఉండేది. ఆ గూట్లో నల్లగా మసిబారిన చిన్న మట్టి గురిగి. పిడికిలిని గురిగి మూతి మీద పెట్టి మెల్లగా విప్పేది. బియ్యం గలగలమని జారుతుంటే ఆమె పెదవులు కదిలేవి. ఏమనేదో మాకు వినిపించేది కాదు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. ఇంట్లో బస్తా నిండుగా ఉన్న రోజున ఆ పిడికిలి పెద్దదయ్యేది కాదు, అప్పు బియ్యం తెచ్చుకున్న రోజున చిన్నదయ్యేదీ కాదు.

నాకు ఆరేడేళ్లప్పుడు, నేను వేస్తానని మారాం చేశాను. ఆమె నవ్వి, "నువ్వు వండుకునే నాడు నీ చేత్తో నువ్వు ఏసుకో బిడ్డా. ఇది నా చెయ్యి" అంది. నాకు భలే కోపం వచ్చింది. ఒక్క పిడికెడుకు ఇంత పట్టింపా అనిపించింది.

మాది కేసముద్రం స్టేషనుకు నాలుగు మైళ్ల దూరంలో ఊరు. అప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. ఊరికి పడమర గూడెం, గూడెంలో నలభై ఇళ్లు, నలభై ఇళ్ల మధ్య పెంకులు కప్పిన చర్చి. మట్టిగోడలు, లోపల పేడతో అలికిన నేల. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద చెక్క సిలువ. అంతే. ఒక్క పాస్టరు కింద, అంటే పాస్టరేట్‌లో, పది ఊళ్ల పైనే ఉండటంతో పాస్టరు అయ్యగారు నెలకొకసారి వచ్చి ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశి గారే ఆరాధన నడిపేవారు. ఆయన పొద్దున బడిలో పిల్లలకు అఆలు చెప్పి, సాయంత్రం పెద్దవాళ్లకు వాక్యం చెప్పేవాడు.

శనివారం మాపటికి నాయనమ్మ గురిగిని బోర్లించి బియ్యాన్ని తెల్లగుడ్డలో మూటకట్టేది. ఆదివారం నలభై ఇళ్ల మూటలూ బల్ల ముందు ఒకే గోనెసంచిలో పడేవి. ఆరాధన అయ్యాక ఆ సంచిని సంఘంలోనే వేలం వేసేవారు. వచ్చిన డబ్బు ఉపదేశి గారి జీతానికీ, దీపం నూనెకూ, పెంకులు మార్చడానికీ. ఎవరు పాడుకుంటే ఆ వారం వాళ్లింట్లో సంఘం బియ్యమే.

ఆ బియ్యం వండటం ఎంత కష్టమో వండినవాళ్లకే తెలుసు. ఒకరింటి సన్నబియ్యం, ఇంకొకరింటి దొడ్డు బియ్యం, రేషన్ బియ్యం, పాతవి, కొత్తవి, దంపుడువి, మిల్లువి, అన్నీ ఒకే సంచిలో. కొన్ని మెత్తబడేసరికి కొన్ని పలుకుగానే ఉండేవి. అమ్మ ఒక చెంబు నీళ్లు ఎక్కువ పోసి, మంట తగ్గించి, పొయ్యి ముందే కూర్చునేది. అట్లా ఓపిగ్గా కూర్చుంటే చివరికి తినేలా ఉడికేది. నేను చెప్పే ఆ వాసన అందరికీ తెలియదు. నలభై ఇళ్ల బియ్యం ఒకే కుండలో ఉడుకుతుంటే వచ్చే వాసన అది.

మా నాయనమ్మకు చదువు రాదు. వేలిముద్రే. చిన్నప్పుడు తల్లిదండ్రులతో పాటు బాప్తిస్మం తీసుకుంది. ఆ కథ మాకు వందసార్లు చెప్పి ఉంటుంది. డోర్నకల్ నుంచి బిషప్ గారు ఎడ్లబండి మీద వచ్చారట. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. తిరునెల్వేలి వైపు తమిళుడు. ఇక్కడికి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు. ఊళ్లో మా తాత ముత్తాతల పేర్లకు 'గాడు' తగిలించి పిలిచే రోజులవి. అలాంటి రోజుల్లో బాప్తిస్మం తీసుకున్న ప్రతివారినీ తమ తల మీద చెయ్యి పెట్టుకోమనేవారు ఆయన. తడి తల మీద ఎవరి చెయ్యి వాళ్లే పెట్టుకుని, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి. సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అని పలకాలి. కొరింథీయులకు పౌలు రాసిన మాట అది. అక్షరం ముక్క రానివాళ్లు, వెట్టికి పోయేవాళ్లు, పొద్దుగూకులూ ఎవరి మాటో వినడమే తప్ప తమ మాట ఎవరూ వినని మనుషులు, ఆ మాట పలికారు.

"మా నాయన నోట్లెకెళ్లి గంత పెద్ద మాట రాంగ నేనెన్నడు ఇనలే" అనేది నాయనమ్మ. చెబుతూ తల మీద చెయ్యి పెట్టుకునేది. డెబ్బై ఏళ్ల వయసులోనూ ఆ చెయ్యి దానంతటదే తల మీదికి పోయేది.

అందుకేనేమో, మా చర్చిలో ఆదివారం సాయంత్రం కూడిక అంటే ఉపదేశి గారి ఒక్కరి ప్రసంగం కాదు. వేపచెట్టు కింద బొంత పరిచి, కందిలి పెట్టి, అందరూ గుండ్రంగా కూర్చునేవారు. ఒక పాట. ఆ తర్వాత ఆ వారంలో ప్రభువు తనకేం చేశాడో, ప్రభువు గురించి తనకేం తెలిసిందో ఎవరికి తోచింది వాళ్లు చెప్పాలి. నాయనమ్మ ప్రతి వారం చెప్పేది. రెండు మాటలు, మహా అయితే నాలుగు.

"మంగళారం నాడు పెద్దకోడలు మీద మస్తు కోపమచ్చింది. నోటి దాక అచ్చిన మాటను యేసయ్య ఆపిండు. నేను ఆపలే, ఆయనే ఆపిండు."

ఇంకో వారం: "కైకిలి కాడ పిల్లలకని కంకులు కొంగుల దాసుకున్న. రాత్రి నిద్ర పట్టలే. పొద్దుగాల పోయి ఆసామికిచ్చిన. తిడతడనుకున్న, తిట్టలే. ఆయన తిట్టినా మంచిగుండు, ఎందుకంటే నా మనసు అల్కగైంది."

అంతే, కూర్చునేది. పెద్దకోడలంటే మా అమ్మే. ఆమె అదే కూడికలో అవతలి పక్క కూర్చుని ఉండేది. ఆ రాత్రి ఇంటికొచ్చాక ఇద్దరూ ఒకే పళ్లెంలో తినడం నేను చూశాను. అప్పుడు నాకు అర్థం కాలేదు కానీ, సంఘం కట్టబడటం అంటే ఏమిటో ఆ పళ్లెంలోనే ఉంది.

నేను సండే స్కూల్‌లో ఫస్ట్. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం సరే, కొండమీద ప్రసంగం మొత్తం అప్పజెప్పేదాన్ని. బైబిల్ పరీక్షల్లో ప్రైజులు వచ్చేవి. స్టీలు గ్లాసులు, ఒకసారి టిఫిన్ డబ్బా. కోతపండుగకు చిరుతలు పట్టుకుని భజనలో ముందువరస నాదే. నాకు తెలియని వాక్యం లేదనుకునేదాన్ని.

1984లో అనుకుంటా, సువార్త కూటాలకని నాయనమ్మ నన్ను డోర్నకల్ తీసుకెళ్లింది. కేసముద్రంలో ప్యాసింజర్ ఎక్కితే మానుకోట, గుండ్రాతిమడుగు, గార్ల, ఆ తర్వాత డోర్నకల్. నేను మొదటిసారి కేథడ్రల్ చూసింది అప్పుడే. మా మట్టి చర్చి తప్ప ఎరగని నాకు నోట మాట రాలేదు. గుమ్మటాలు చూస్తే మసీదులా, స్తంభాలు చూస్తే మన గుళ్లలా. అజరయ్య గారు కావాలనే అట్లా కట్టించారు. క్రీస్తు ఈ నేల మీదికి పరాయివాడిగా రాలేదని ఆయన నమ్మకం. డబ్బుల్లేక పని ఆగుతూ సాగుతూ ఏళ్లు పట్టి, 1939లో ప్రతిష్ఠ జరిగింది. నాయనమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చి, స్తంభం దగ్గర నిలబడి, రాయిని అరచేత్తో తడిమింది. బిడ్డ వీపు నిమిరినట్టు నిమిరింది.

"దీన్ల మా ఊరి పిడికెడు గూడ ఉన్నది" అంది.

నాకు వెంటనే వాక్యం గుర్తొచ్చింది. "మీరును సజీవమైన రాళ్లవలె నుండి ఆత్మసంబంధమైన మందిరముగా కట్టబడుచున్నారు." గడగడా చెప్పేశాను. పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయం అయిదో వచనం అని కూడా చెప్పాను. నాయనమ్మ నన్ను మురిపెంగా చూసి, మళ్లీ రాయి వైపు తిరిగింది.

ఇంటికొచ్చిన వారం వేపచెట్టు కింద నేనూ లేచి నిలబడ్డాను. పద్నాలుగేళ్ల పిల్ల. కూటాల్లో విన్న ప్రసంగంలోంచి సజీవమైన రాళ్ల గురించి పది నిమిషాలు మాట్లాడాను. మూలరాయి, పునాది, గోడ, అన్నీ చెప్పాను. ఉపదేశి గారు ఆమెన్ అన్నారు. ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. నేను గాల్లో తేలుతూ కూర్చున్నాను.

ఇంటికి పోయే దారిలో నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. వెన్నెల. దూరంగా రైలు పోతున్న చప్పుడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంది.

నేను ఇంకా ఏదో అంటుందని చూస్తున్నాను.

"గని అవి అయ్యగారి బియ్యం. నీ పిడికెడు ఏది?"

నాకు ఏడుపొచ్చింది. చెయ్యి విడిపించుకుని ముందుకు నడిచాను. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. కోపం తగ్గాక కూడా ఆ ప్రశ్న తగ్గలేదు. రాత్రి పడుకునేటప్పుడు ఆలోచించేదాన్ని. నా దగ్గర నాదంటూ ఏముంది? యేసు నా పాపముల కొరకు చనిపోయెను. నిజమే, పుస్తకంలో ఉంది. నాకు? నా మంగళవారం నాడు ఆయన ఏం చేశాడు? నాకు తెలియదు. ఆయన గురించి అన్నీ తెలుసు. ఆయన తెలియదు.

డిగ్రీకి హనుమకొండ వచ్చాక చాలా చర్చిలు చూశాను. హాస్టల్‌లో నా రూమ్మేట్ ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ అమ్మాయి. ఆమెతో కాజీపేట ఫాతిమా కేథడ్రల్‌కు వెళ్లేదాన్ని. వరంగల్ మేత్రాసనం, అంటే కాథలిక్ బిషప్ గారి పరిధి, 1952లో ఏర్పడింది, అది దాని ప్రధాన ఆలయం. పూజ అయిపోయి అందరూ వెళ్లాక కూడా మోకాళ్ల మీదే ఉండిపోయే ముసలామె ఒకామె ఉండేది. ఆమె మొహం చూస్తే మా నాయనమ్మ గుర్తొచ్చేది. ఆమె దగ్గరా ఒక గురిగి ఉందని నాకు అనిపించేది.

ఇంకో స్నేహితురాలు హెబ్రోను సహవాసానికి చెందిన కూడికకు తీసుకెళ్లింది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, నా మనసులో అంతగా నాటుకుపోయింది. ఆ సహవాసాన్ని మొదలుపెట్టిన భక్త్ సింగ్ గారు పంజాబీ సిక్కు. ఇంజినీరింగ్ చదువుకుంటూ కెనడాలో ఉన్నప్పుడు కొత్త నిబంధన చదివి, చదువుతుండగానే క్రీస్తును ఎరిగిన మనిషి. 1932లో అక్కడే బాప్తిస్మం తీసుకుని ఇండియాకు తిరిగొచ్చారు. 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను మొదలైంది. ఆ సహవాసాల్లో కుర్చీలుండవు, చాపల మీదే కూర్చుంటారు. ఆరాధన గంటల తరబడి. ముందుగా రాసి పెట్టుకున్న క్రమం ఉండదు. ఒకరు లేచి ఒక వచనం చదువుతారు, ఇంకొకరు స్తోత్రం చెల్లిస్తారు, ఎక్కడో వెనక నుంచి ఎవరో పాట ఎత్తుకుంటారు. తర్వాత అందరూ అక్కడే బంతిలో కూర్చుని ప్రేమవిందు చేస్తారు. గెజిటెడ్ ఆఫీసరు పక్కన రిక్షా తొక్కే ఆయన.

ఆ రోజు ఒక పెద్దాయన కొరింథీయుల మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయం చదివారు. మీరు కూడి వచ్చునప్పుడు ఒకరి దగ్గర కీర్తన, ఒకరి దగ్గర బోధ, ఒకరి దగ్గర ప్రత్యక్షత, సమస్తమూ క్షేమాభివృద్ధి కలుగుటకై జరగనివ్వమని పౌలు రాసిన చోటు. ఆ పెద్దాయన బైబిల్ మూసి, "క్షేమాభివృద్ధి అంటే గ్రీకులో ఇల్లు కట్టడమే. మీరు వారమంతా ప్రభువును రుచి చూడకుండా వస్తే దేనితో కడతారు?" అన్నారు.

నేను చాప మీద తల వంచుకుని కూర్చున్నాను. ఆ గ్రీకు మాట నాకు తెలియదు, దాని సంగతి మాత్రం తెలుసు. చదువురాని ముసలామె వెన్నెల్లో నన్ను అడిగింది అదే కదా.

అయినా నా దగ్గర పిడికెడు లేదు. చదువు, బీఈడీ, ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, పెళ్లి. చర్చికి పోవడం, రావడం. సండే స్కూల్ టీచర్‌ని కూడా అయ్యాను. పిల్లలకు అయ్యగారి బియ్యమే పంచాను.

1997 పత్తి సంగతి వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. మా నాన్నను బాపు అంటాం. బాపు నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి పెట్టాడు. వానలు రావాల్సినప్పుడు రాలేదు, వద్దన్నప్పుడు పట్టుకున్నాయి. లద్దెపురుగు ఆకులను జల్లెడ చేసింది, పచ్చపురుగు కాయలోకి దిగింది. మందు కొట్టిన కొద్దీ పురుగు పెరిగింది. దుకాణంలో విత్తనాలు ఉద్దెర, మందులు ఉద్దెర, దాని మీద మిత్తి. జిల్లా అంతా అట్లాగే ఉంది. ఆ శీతాకాలం పేపరు తెరిస్తే ఏదో ఒక ఊరి పేరు, ఒక రైతు ఫోటో. ఎన్నో ఇళ్లు ఆరిపోయాయి. నేను హనుమకొండలో పేపరు చదివి మడిచి పెట్టేదాన్ని, టెన్షన్‌తో మళ్లీ తెరిచేదాన్ని.

జనవరిలో ఒక రోజు తమ్ముడు స్కూల్‌కు ఫోన్ చేశాడు. "అక్కా, బాపు బాగనే ఉన్నడు. గని నువ్వు రా" అన్నాడు. బాగానే ఉంటే రమ్మనడమెందుకు? ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని నాకొచ్చిన వాక్యాలన్నీ వెతుక్కున్నాను. ఒక్కటీ నిలబడలేదు.

బాపు అంతకు ముందు రాత్రి చేనుకు పోయాడట. తెల్లారుజామున తిరిగొచ్చాడు. ఎందుకు పోయాడో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనడం లేదు. నులకమంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. నాయనమ్మ పొయ్యి ముందు బియ్యం ఏరుతోంది. ఏరి, పిడికెడు తీసి, గురిగిలో వేసింది. పెదవులు కదిలాయి. అది చూసి నా ఒళ్లు మండిపోయింది.

రాత్రి ఆమె పక్కన పడుకుని అడిగాను. "నీకు ప్రభువు మీద కోపం రాదా?"

"వస్తది."

"ఏం చేస్తవ్ మరి?"

"ఆయనకే చెప్త. ఇంకెవ్వలకు చెప్పాలె?"

లేచి వాకిట్లోకి వెళ్లాను. చలి. చర్చి పెంకుల మీద మంచు తెల్లగా. వేపచెట్టుకు ఆనుకుని నిలబడి ఆయనతో పోట్లాడాను. వచనాలు లేవు, "పరలోకమందున్న మా తండ్రీ" లేదు. మా బాపు నీకు ఏం చేశాడని అడిగాను. నాయనమ్మ ఇన్నేళ్లు వేసిన పిడికిళ్లు లెక్కపెట్టావా అని అడిగాను. నోటికొచ్చినట్టు అడిగాను, ఏడ్చాను. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు సరైన మాటలు ఇప్పటికీ లేవు. వెలుగు కనబడలేదు, స్వరం వినబడలేదు. నా ఎదురుగా ఎవరో చాలాసేపట్నుంచి కూర్చుని వింటున్నట్టు మాత్రం తెలిసింది. నేను చెప్పడం ఆపితే ఆయన కూడా ఏడుస్తున్నాడనిపించింది. చేతులకు మేకుల గాయాలున్నవాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆయన గురించి చెప్పిన నేను ఆ రాత్రి ఆయనతో మాట్లాడాను.

ఆదివారం బాపు కూడికకు వచ్చాడు. అదే వింత. ఆయన క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ వెనక గోడకు ఆనుకుని కూర్చుని, పాట అయిపోకముందే బీడీకి బయటికి పోయే మనిషి. ఆ సాయంత్రం లేచి నిలబడ్డాడు. తలకు కట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"నేను సచ్చిపోదామని పోయిన" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"గట్టు మీద కూసున్న. మా అవ్వ బియ్యం తీసేటప్పుడు ఒక మాట అంటది. నేను చిన్నగున్నప్పుడు ఆమె సంకల ఉండి ఇన్న. 'యేసయ్యా, గిది నీది' అంటది. గా మాట చెవుల పడ్డది. ఎవ్వలన్నరో తెల్వదు. పిడికెడు బియ్యం నీదైతే మరి నేనెవ్వని అని అడిగిన. నన్ను ఒకాయన పట్టుకున్నట్టయ్యింది. తెల్లారేదాక ఇడువలే. లేచి అచ్చిన."

కూర్చున్నాడు. నాయనమ్మ చెయ్యి తల మీద ఉంది. కళ్లు మూసుకుని ఉంది. ఆ పెదవులు ఏమంటాయో అన్నేళ్లకు, ఆ రోజు, అట్లా తెలిసింది మాకు.

ఆ తర్వాత జరిగింది నేను మరచిపోలేను. మా ఇంటి ఎదురుగా ఉండే ఒక పెద్దమనిషి, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడనివాడు, లేచి "నాకు గూడ అప్పున్నది. నేను గూడ గదే అనుకున్న" అన్నాడు. ఆయన భార్య ఆయన వైపు చూసిన చూపు! ఆమెకే తెలియదు. ఇంకొకరు లేచారు. ఆ రాత్రి కందిలిలో నూనె అయిపోయేదాకా కూడిక సాగింది. ఏ అయ్యగారు ఎంత గొప్ప ప్రసంగం చేసినా ఆ మనుషుల నోళ్లు తెరుచుకునేవి కావు. బాపు తెచ్చిన ఆ ఒక్క పిడికెడు వాటిని తెరిచింది.

ఆ వారం గోనెసంచిని వేలం వేయలేదు. ఉపదేశి గారూ ఇద్దరు మనుషులూ దాన్ని మోసుకొచ్చి మా గుమ్మంలో దించారు. నాయనమ్మ వద్దంది. "అవి సంఘం బియ్యం" అంది. ఉపదేశి గారు, "సంఘానికే తెచ్చినమమ్మా" అన్నారు. అమ్మ ఎసరు పెట్టింది. ఒక చెంబు నీళ్లు ఎక్కువే పోసింది.

తర్వాత రెండు సంచులు వేరే ఇళ్లకు పోయాయి. గురువారాలు చేల దగ్గర గుడిసెల్లో ప్రార్థనలు మొదలయ్యాయి. ఎవరు ఒంటరిగా కూర్చున్నా ఇంకొకరు పోయి పక్కన కూర్చోవాలని మాట అనుకున్నారు. వానకాలం వచ్చేసరికి బదులు కైకిలి చేసుకుంటూ ఒకరి చేను ఒకరు దున్నారు. మక్కలు పెట్టారు, పెసర్లు పెట్టారు. బాపు అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. చుట్టుపక్కల ఊళ్లలో ప్రాణాలు పోయిన ఆ ఏడు మా గూడెంలో ఒక్కటీ పోలేదు.

నేను మళ్లీ ఊరికి వెళ్లింది మూడు వారాలకు. వేపచెట్టు కింద లేచి నిలబడ్డాను. కాళ్లు వణికాయి. పద్నాలుగేళ్లప్పుడు వణకలేదు.

"నాకు ప్రభువు మీద కోపమొచ్చింది. అన్నీ అన్నాను. ఆయన లేచి పోలేదు."

మూడు ముక్కలు. కూర్చున్నాను. ఎవరూ బుగ్గలు నొక్కుకోలేదు. ఇంటికి పోయే దారిలో నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఏమీ అనలేదు. మర్నాడు నేను స్టేషనుకు బయల్దేరుతుంటే తువ్వాలలో చుట్టిన ఒక వస్తువు సంచిలో పెట్టింది. రైల్లో విప్పి చూశాను. కేసముద్రం అంగట్లో కొన్న కొత్త గురిగి. ఇంకా మట్టి వాసన వస్తోంది.

నాయనమ్మ 2003లో ప్రభువు దగ్గరికి వెళ్లింది. ఊళ్లో ఇప్పుడు స్లాబు చర్చి. టైల్స్, సౌండ్ బాక్సులు, కీబోర్డు. బాగుంది, దేవునికి స్తోత్రం. కానుకకు బల్ల పక్కన స్కానర్ పెట్టారు. హనుమకొండలో మేం వెళ్లే చర్చిలోనూ అంతే. సాక్ష్యాలకు అయిదు నిమిషాలు కేటాయిస్తారు, చాలా ఆదివారాలు అవీ ప్రకటనల్లో కలిసిపోతాయి. పాడేవాళ్లు స్టేజీ మీద, వినేవాళ్లు కింద. మంచి ప్రసంగాలు ఫోన్లో ఎన్ని కావాలంటే అన్ని వస్తున్నాయి. నాకు దిగులుగా ఉంటుంది. మంచి బియ్యం ఒక్కచోట నుంచే అందరికీ వస్తున్నాయి, ఎవరింటి గురిగి వారింట్లో ఖాళీగా ఉంది. ఈ మాట మా అయ్యగారితో కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, నెలకొక ఆదివారం ప్రసంగం తగ్గించి సంఘానికి సమయం ఇద్దామన్నారు. మొదటి నెల ఎవరూ లేవలేదు. మౌనంగా కూర్చున్నాం. రెండో నెల ఇద్దరు.

పోయిన నెల వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. నర్సింగ్ చదువుతోంది, మంథని వైపు పల్లె. మైకు వద్దంది. "మొన్న వార్డులో ఒక తాత చనిపోయాడు. ఆయన వాళ్లెవరూ రాలేదు. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నా. నాకు చాలా భయమేసింది. నాతో ఇంకొకరు కూడా ఆ చెయ్యి పట్టుకున్నారనిపించింది" అని, ఇంకేం చెప్పాలో తెలియక అట్లాగే నిలబడి, కూర్చుంది. నా పక్కనున్న రిటైర్డ్ మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వాళ్లావిడ అట్లాగే ఆస్పత్రిలో పోయారు, ఆయన చేరేసరికి ఆలస్యమైంది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు.

ఆరాధన అయ్యాక ఆ పిల్లతో పాటు బస్టాండు దాకా నడిచాను. చౌరస్తా దాటాక అడిగింది.

"సరిగ్గా చెప్పానా ఆంటీ? నాకు వాక్యాలు ఎక్కువ రావు."

"అవి నీ బియ్యమే బిడ్డా" అన్నాను.

"అంటే?"

"చెప్తా, నడువు" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.